శుక్రవారం బకెట్

ఆ మధ్య మనవాడే, ఒక సాఫ్ట్‌వేర్ మేధావి, ఈ పరాయి దేశంలో, లోవర్ హట్ అనే ఊళ్ళో, నూరేళ్ళ నాటి చెక్క ఇంట్లో వంటగది చెక్క నేల కుంగిందని నన్ను పిలిచాడు. పాత ఇళ్ళు బాగుచేసే వడ్రంగిని నేను. నేల కింద ఉండే ఖాళీలోకి పాకి చూశాను. నేలను మోసే, రిము అనే ఇక్కడి చెట్టు కలప దూలాలు వేలు గుచ్చితే దిగబడేంతగా పుచ్చిపోయి, ఇంకా నీళ్ళోడుతున్నాయి.

"పైన నీళ్ళెందుకు పోస్తున్నారు?" అన్నాను.

"ప్రతి శుక్రవారం ఇల్లు కడగాలి కదా అంకుల్! అయినా ఈ దేశం చెక్కే నాసిరకం."

నూరేళ్ళు నిలిచిన చెక్క వీడి ఐదేళ్ళ మడికి చచ్చింది. చెడినంత మేరా కోసి, పాత రిమునే వెతికి తెచ్చి అతుకు వేశాను. తడిగుడ్డ చాలని మూడుసార్లు చెప్పాను. బుద్ధిగా తలూపాడు.

పనిముట్లు సర్దుకుంటుంటే నిండు బకెట్‌తో వచ్చాడు.

"కొంచెం పక్కకు జరగండి అంకుల్. బూట్లతో తొక్కారు కదా, కడిగేస్తాను."