జాడీకి సముద్రపు గాలి

చదువుకున్నవాళ్ళకు రానిదంటూ ఉండదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ట్రైనింగు ముగించి, కారంపూడి దగ్గర ఓ చర్చి బడిలో కొత్తగా టీచరుగా చేరాను. (నాకప్పుడు ఇరవై ఏళ్ళు, తెలివికి మాత్రం అరవై అనుకునేదాన్ని.) బడి పక్కనే చిన్న ఆసుపత్రి, అందులో ఊరంతా నర్సమ్మ అని పిలిచే పెద్దావిడ. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. గుమ్మం ముందు పందిరి మీద తెల్ల ద్రాక్ష తీగ ఉండేది. స్వదేశం వెళ్ళిపోయిన డాక్టరు దొరసాని నాటిన ఆ తీగను, నర్సమ్మ ఎండాకాలాల్లో తన స్నానపు నీళ్ళు తగ్గించుకుని మరీ బతికించింది. ఆ ఏడు మొదటిసారి గుత్తులు దిగాయి.

"ఏమే టీచరమ్మా, ఈ కాయల రసం బల్ల ఆరాధనలో ప్రభువు గిన్నెలో పోసి అందరికీ పెడితే చాలే నాకు. చెయ్యడం నీకొచ్చా?" అంది.

రాదని చెప్పడానికి నోరు రాలేదు. దొరసాని వదిలి వెళ్ళిన నోటుబుక్కులో పద్ధతి ఉంది. రసం పిండి జాడీలో పోసి, చల్లటి చోట, సముద్రపు గాలి తగిలేలా ఉంచాలట. ఆమెది సముద్రపు ఒడ్డున చలి దేశం. మాది పల్నాడు, ఏప్రిల్ నెల. సముద్రాన్ని నేను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. అయినా ఆలోచించి, బక్కెట్టు నీళ్ళలో రాళ్ళ ఉప్పు కలిపి, గోనెపట్ట తడిపి, జాడీ మీద కప్పాను. బడి వదిలాక రోజూ గంటసేపు విసనకర్రతో విసిరేదాన్ని. ఆ ఉప్పునీళ్ళు మూతికి కట్టిన గుడ్డలోంచి లోపలికి దిగుతున్నాయన్న సంగతి నా చదువుకు తట్టలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు గిన్నె ఎత్తి, ముందు తాను తాగారు. ఆయన కనుబొమలు పైకి లేచి, మెల్లగా దిగాయి. గిన్నె నర్సమ్మకు అందించారు. ఆమె తాగి కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు. (భక్తో, పులుపో అప్పుడు తెలియలేదు.) తర్వాత నా వంతు. అచ్చం ఊరగాయ ఊట! వెనక వరుసల్లో దగ్గులు మొదలయ్యాయి.

ఆరాధన అయ్యాక అయ్యగారు పక్కగదిలోకి పిలిచి, "ఏందమ్మా, ఉప్పెక్కడి నుంచొచ్చింది?" అన్నారు. ఏడుస్తూ సముద్రం సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, కుర్చీలో కూలబడి, చప్పుడు కాకుండా నవ్వారు. "నర్సమ్మకు మాత్రం చెప్పమాక. చానా సంబరంగా ఉంది."

బయట నర్సమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఏడుస్తావెందుకే పిచ్చిదానా! నా తీగ బల్ల దాకా వచ్చింది, అది చాలు. వచ్చే ఏడు ఉప్పు తగ్గిద్దాంలే."

మరుసటి ఏడు ఉప్పు లేకుండానే చేశాం. బాగా కుదిరిందని అందరూ అన్నారు. జాడీకి విసురుతూ కూర్చున్న ఆ పంతులమ్మను తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను గానీ, బాగా కుదిరిన ఆ రసం రుచి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు.