మామయ్య జేబులో గాజు

గుండ్రంగా ఉండాల్సింది గుడ్డులా కనబడితే మామయ్యకి ముద్ద దిగదు. బయట మనుషులు లావైతే ఆయనకేం అభ్యంతరం లేదు, తనూ కాస్త ఒళ్ళు చేసినవాడే. తెర మీద మనిషి అడ్డంగా సాగితే మాత్రం ఊరుకోడు. ఈ రోజుల్లో ఎటు చూసినా తెరలే కాబట్టి పాపం ఆయనకి తీరికే లేకుండా పోయింది.

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ గాజు ఉంటుంది. అత్తయ్యది. తెర మీద గాజంత సున్నా గీసి, దాని మీద గాజు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తాడు. గీత గాజు వెనక దాక్కుంటే సరే. బయటికి పొడుచుకొచ్చిందా, ఇక ఆ కంప్యూటర్‌ని వదలడు. "నా చేతికి అచ్చిరాని గాజు ఊళ్ళో తెరలన్నిటికీ అచ్చొచ్చింది" అని అత్తయ్య దెప్పుతూనే ఉంటుంది.

ఒకసారి పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, ఎదురుగా తెర మీద ఎక్స్‌రే చూశాడు.

"అది నా పన్ను కాదండీ."

"మీదేనండీ."

"నా పన్ను అంత వెడల్పుండదు."

నోట్లో దూదితోనే లేచివెళ్ళి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పన్ను మామూలు సైజుకొచ్చాక డాక్టరు, "ఇప్పుడైనా పడుకుంటారా?" అంటే, "నొప్పి తగ్గిపోయిందండీ" అని ఇంటికొచ్చేశాడు.

ఆయన మేనకోడలికి చిన్న ప్రింటింగ్ ప్రెస్సుంది. అక్కడి మిషన్లు, కంప్యూటర్లు అన్నీ మామయ్యే చూస్తాడు. "మా మామయ్య చెయ్యిపడితే బాగుపడనిది లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకోవడం మేనకోడలికి అలవాటు. కార్డులు అచ్చు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఈ మాట విననిదే బయటపడలేరు.

ప్రెస్సులో టైపు చేసేది పిన్నిగారు. మేనకోడలి నాన్న కాలం నుంచీ ఆ సీటు ఆవిడదే, ఆ జీతంతోనే ఆవిడ ఇల్లు నడుస్తోంది. ఈమధ్య ఆవిడ పనిలో తప్పులెక్కువయ్యాయి. ఒత్తులు ఎగిరిపోతున్నాయి, మూడు కాస్తా ఎనిమిదవుతోంది. ఫోన్ నంబరు తప్పు పడి ఓ వ్యాపారి విజిటింగ్ కార్డులన్నీ చెత్తబుట్టకి పోయాయి.

"పిన్నిగారికి పెద్దతనం వచ్చింది మామయ్యా. ఆ సీట్లోకి ఇంకెవర్నైనా చూడాలేమో" అంది మేనకోడలు. మామయ్య పిన్నిగారి సీటు వైపు ఓసారి చూసి, నూనెడబ్బా అందుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే పిన్నిగారి కంప్యూటర్లో తెరకి బొమ్మనందించే గ్రాఫిక్స్ కార్డు పోయింది. అటక మీది సామాన్లలోంచి మామయ్య ఓ పాత కార్డు దించి బిగించాడు. తెర వెలిగింది కానీ అక్షరాలు ఉసిరికాయలంత అయ్యాయి. పూర్తి పేజీ కనిపించాల్సిన చోట సగమే కనిపిస్తోంది. కంపెనీవాళ్ళు ఆ కార్డుకి సపోర్టు ఎప్పుడో ఆపేశారట. మామయ్య పగలంతా దానిముందే కూర్చుని, చివరికి చేతులు దులుపుకున్నాడు.

"నావల్ల కాదే."

ఆ మాట ఆయన నోట వినడం మేనకోడలికి అదే మొదటిసారి. "పోనీ కొత్త కార్డు కొందాం మామయ్యా."

"దేనికి? పని నడుస్తోందిగా."

పని నడిచింది. ఆయన పరువే కుంటింది. "ఏమండోయ్, గాజు విరిగిందటగా?" అని వచ్చినవాళ్ళు ఆటపట్టిస్తుంటే మామయ్య నవ్వి ఊరుకున్నాడు. మేనకోడలికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎలాగైనా మామయ్య పరువు నిలబెట్టాలని, ఆయనకి చెప్పకుండా బయటినుంచి మెకానిక్‌ని పిలిపించింది.

అతన్ని చూడగానే మామయ్య నూనెడబ్బా పట్టుకుని మిషన్ల గదిలోకి జారుకున్నాడు. పనికి దిగేముందు విప్పిన చొక్కా మేకుకే ఉంది. మెకానిక్ తీగలు చూస్తుండగా, బొమ్మ ఎంత సాగిందో తేల్చుకుందామని మేనకోడలు ఆ జేబులోంచి గాజు తీసింది. తెర మీద సున్నా గీసి, గాజు ఆనించి, ఒక కన్ను మూసింది.

గీత గాజు వెనక పూర్తిగా దాక్కుంది. ఎక్కడా వెంట్రుకవాసి కూడా బయటికి రాలేదు.

మెకానిక్ కూడా వంగి చూశాడు. "ఇది దానంతటది ఇలా రాదండీ. సపోర్టు లేని కార్డు బొమ్మని అడ్డంగా సాగదీస్తుంది. ఎవరో కూర్చుని లెక్కగట్టి ఈ సైజు పెట్టారు. ఇంత తెలిసినవాళ్ళకి అక్షరాలు చిన్నవి చెయ్యడం పెద్ద పనేం కాదు."

మేనకోడలు పిన్నిగారి వైపు చూసింది. ఇదివరకు ముక్కు తెరకి ఆనించి టైపు చేసే మనిషి ఇప్పుడు నిటారుగా కూర్చుని ఉంది. కార్డు మారాక ఒక్క తప్పూ పడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తిన్నగా మిషన్ల గదిలోకి వెళ్ళింది.

"మామయ్యా, సున్నా గుండ్రంగా ఉంది."

మామయ్య నూనెడబ్బా కింద పెట్టాడు. "దాన్ని కూడా గుడ్డులా వదిలేద్దామనుకున్నానే. చేతులు రాలేదు."

"పిన్నిగారు అడిగారా?"

"అడిగే మనిషేనా? కళ్ళు ఆనడం లేదంటే సీటు పోతుందని భయం. నువ్వు చూస్తే ఇంకెవర్నో వెతుకుతానంటివి."

"నాతో ఓ మాట చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు జాలిపడతావు, అది ఆవిడకి తెలిసిపోతుంది. నాకు చేతకాలేదంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

ఊరంతా నవ్వినా పెదవి విప్పని మనిషి. ఇలాంటివాడు తన మేనమామ అయినందుకు మేనకోడలి గుండె పొంగిపోయింది. ఆమె తిరిగొచ్చేసరికి మెకానిక్ చేతులు కీబోర్డు మీదున్నాయి. పక్కన నిలబడ్డ పిన్నిగారి మొహం పాలిపోయి ఉంది.

"అక్షరాలు మళ్ళీ చిన్నవైపోతాయా అమ్మా?"

"లేదు పిన్నిగారూ. మా మామయ్యకి చేతకానిది ఇంకెవరికీ చేతకాదు. ఇది ఇంతే" అంది మేనకోడలు, తలెత్తి, ప్రెస్సంతా వినబడేలా.

మెకానిక్ ఆమెనీ పిన్నిగారినీ మార్చి మార్చి చూసి, చేతులు తీసేశాడు. "అవునండీ, మొండి కార్డు" అన్నాడు.

అతను వెళ్ళాక మేనకోడలు కళ్ళు నులుముకుంది. "నాకే ఈమధ్య అక్షరాలు ఆనడం లేదు పిన్నిగారూ. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి తోడొస్తారా? పనిలో పని, మీవీ చూపిద్దాం."

"నీకోసమైతే వస్తానమ్మా" అంది పిన్నిగారు.

"నేనూ వస్తా" అన్నాడు గుమ్మంలోంచి మామయ్య.

"నువ్వెందుకు మామయ్యా? నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా."

"ఆ డాక్టరు గోడకి పెద్ద తెర పెట్టించాడట" అంటూ మామయ్య ఆమె ముందు చెయ్యి చాచాడు. "ఏదీ, నా గాజు ఇలా ఇవ్వు."