పగడాల దిబ్బ మీద పిన్ని

పిన్ని పోయిందని బాబాయి హాస్పిటల్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను యూనివర్సిటీకి బయల్దేరుతున్నాను. ఏడవలేదు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన అమ్మ ఆ సంగతి విని, "ఇన్నేళ్ళు దాని చేతి కూడు తిన్నావు. నీది గుండా, బండా?" అంది. మా వాళ్ళకి కన్నీళ్ళు కనబడకపోతే దుఃఖం లేనట్టే. పిన్ని ఒక్కతే, "నీకు ఏడుపు లేటుగా వస్తుందే, పరవాలేదు" అనేది.

ఎనభై ఎనిమిదిలో చదువు కోసం టౌన్స్‌విల్ వచ్చి వాళ్ళింట్లో దిగాను. మొదటి వారమే పిన్ని నన్ను పగడాల దిబ్బకి పడవెక్కించింది. కాకినాడలో పుట్టి కూడా మోకాళ్ళు దాటి సముద్రంలోకి దిగని మనిషి, నలభై దాటాక ఇక్కడ ఈత నేర్చింది. పగడాల దిబ్బ రక్షిత ప్రాంతం, గవ్వ కూడా ఏరకూడదు. పిన్ని దానికి తన మడి కూడా కలిపింది: మొహానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని కాళ్ళతోనే ఈదేది.

"ఎవరిదో వంటిల్లనుకో. చూడు, ముట్టుకోకు."

బాబాయి నీళ్ళలో తల పెట్టేవాడు కాదు. పడవలో పులిహోర డబ్బాకి కాపలా. "ఎలా ఉందోయ్ నీ తోట?"

"వచ్చి చూసుకోండి. నోటితో చెబితే అరిగిపోతుంది."

తర్వాత ముళ్ళ నక్షత్ర చేపలు వచ్చిపడ్డాయి. పగడాన్ని కరుచుకుని, ప్రాణమున్నదంతా తినేసి, తెల్లటి ఎముకలాంటిది వదిలి పక్కదాని మీదికి పోయేవి. ఆ తెలుపు మీద పాచి పట్టేది. డైవర్లు సూదిమందు పొడిచి చంపేవాళ్ళు. చచ్చినవాటికన్నా వచ్చేవే ఎక్కువ.

చివరిసారి దిగినప్పుడు అడుగంతా బూడిదరంగు. పిన్ని అప్పుడూ చేతులు వెనక్కే కట్టుకుంది. పైకి తేలాక, "ఇంకేం విరుగుతుందని పిన్నీ?" అన్నాను.

"అలవాటు." మాస్కు నుదుటి మీదికి తోసింది. "ఇంక ఇది లేవదే. రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టారు గానీ, వాటికి చదవడం రాదు."

పడవెక్కాక బాబాయి ఎప్పట్లాగే అడిగాడు. "బ్రహ్మాండం" అంది, తల తుడుచుకుంటూ.

నిన్న డైనింగ్ టేబుల్ మీద అస్థికల కలశం, పసుపు పొట్లం, కొబ్బరికాయ, బుట్టెడు బంతిపూలు. "గోదావరి దాకా తీసుకెళ్ళలేం. దాని తోటలోనే కలుపుదాం" అన్నాడు బాబాయి. "ఆ చోటు నీకే తెలుసు కదమ్మా."

"అందులో ఏదీ వెయ్యకూడదు బాబాయ్. పిన్నే ఒప్పుకోదు. అయినా అక్కడ తోట లేదు. చచ్చిపోయింది."

"బ్రహ్మాండంగా ఉందని నాతో చెప్పిందే."

"మీ కోసం చెప్పింది."

అమ్మ పూలు సర్దడం ఆపింది. "పోయినదాన్ని అబద్ధాలకోరుని చెయ్యకే. పడవెక్కడానికి బద్ధకమైతే అలాగని చెప్పు."

బాబాయి సముద్రం మ్యాపు నా ముందు పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, పెన్సిల్ అందించాడు. పెన్సిల్ తీసుకుని, ఏ గుర్తూ పెట్టకుండా మ్యాపు పక్కనే ఉంచేశాను.

ఆ చోటు నేను చూపించను.