మోచేతి పని నడుముకు

డిగ్రీ రెండో ఏడాదిలో, గురజాలలో కాలేజీ మ్యాచ్ ఆడుతుంటే లెగ్ అంపైరు చేయి పక్కకు చాచి ‘నో బాల్’ అన్నాడు. గీత దాటానేమోనని కాలు చూసుకున్నాను. ఆయన తన మోచేయి వంచి, చాచి చూపించాడు. నేను బంతి వేయడం లేదట, విసురుతున్నానట. తర్వాతి బంతికీ అదే మాట. మా కెప్టెన్ వచ్చి నా చేతిలోంచి బంతి తీసేసుకుంది. తిరిగి నరసరావుపేటకు వచ్చే బస్సులో దారంతా మోచేయి వంచి, చాచి చూసుకున్నాను. జట్టులో అందరికన్నా ఎక్కువ తిరిగే స్పిన్ నాదేనని అంతవరకూ గర్వంగా ఉండేది.

మర్నాడు కాలేజీలో మాకు ఆటలు నేర్పే మేడం నా బౌలింగ్‌ను ఫోన్‌లో తీసి, స్లో మోషన్‌లో చూపించింది. చేయి భుజం ఎత్తుకు వచ్చేటప్పుడు మోచేయి బాగా వంగి ఉంది. బంతి వదిలేసరికి నిటారుగా చాచుకుపోతోంది.

“వంగి ఉండటం తప్పు కాదమ్మా. వంగినదాన్ని బంతి వదిలేలోపు అంతగా చాపటమే తప్పు.”

“ఎందుకట్టా అవుతంది మేడం?”

“నీ ఛాతీ ముందే బ్యాటర్ వైపు తిరిగిపోతంది. ఇంక నడుముకి పనేముంది? ఆ పనంతా మోచేయి చేస్తంది.”

స్పిన్ మానేసి బ్యాటింగ్ చూసుకోమని స్నేహితులు అన్నారు. నేను ఒప్పుకోలేదు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. పక్కకు తిరిగి నిలబడడం, ఎడమ పాదం గట్టిగా ఆనించి దాని మీదే తిరగడం. ముందు నడుము తిరగాలి, ఆ వెంటే భుజం, చివర్లో మణికట్టు, చూపుడు వేలు. సాయంత్రాలు డాబా మీద బంతి లేకుండానే ఇదంతా చేసేదాన్ని. మిరప కోతల నుంచి వచ్చిన అమ్మ ఒకరోజు పైకొచ్చి చూసింది.

“ఏందే ఆ తిరుగుడు? దయ్యం పట్టిందా?”

చెప్పాను. ఫోన్ చేతికిచ్చి వీడియో తీయమన్నాను. ఆ తర్వాత నేను అడగకుండానే తీసేది. “మళ్లీ వంచి చాపావే, చానా చాపావు” అని నాకన్నా ముందు తనే పట్టుకునేది.

ఆ ఏడాది నా బంతి అసలు తిరగలేదు. ఎవరు పడితే వాళ్లు కొట్టారు. జట్టులో చోటు పోయింది; మంచినీళ్లు అందించాను. అయినా పాత పద్ధతిలో ఒక్క బంతీ వేయలేదు. చివరికి ఒక సాయంత్రం నెట్స్‌లో నడుము విసురంతా వేళ్ల దాకా వచ్చినట్టనిపించింది. బంతి గాలిలో కాస్త ఆగినట్టై, బ్యాటర్ ముందు ఉన్నట్టుండి దిగి, లోపలికి తిరిగింది. మేడం చప్పట్లు కొట్టింది. నేను వెంటనే ఇంకో బంతి అందుకున్నాను.

మరుసటి ఏడు మాచర్లలో మళ్లీ మ్యాచ్ ఆడాను. పరుగులు బాగానే ఇచ్చాను, వికెట్ ఒక్కటే పడింది. కానీ నా చేతిని ఎవరూ తప్పుపట్టలేదు.

ఇప్పుడు జిల్లా జట్టుకు ఆడుతున్నాను. బంతి మునుపటంత తిరగడం లేదు. అందుకే అదే యాక్షన్‌తో, తిరగకుండా నేరుగా దూసుకుపోయే బంతి కూడా నేర్చుకుంటున్నాను. ఇంకా కుదరలేదు. కుదిరేదాకా వేస్తాను.