గుమ్మంలో ఇరుక్కున్న సోఫా

మసతేపెలో పెళ్లి కుదిరితే ముందు చర్చికి, ఆ తర్వాత ఎవారిస్తో కొట్టుకి వెళ్లేవాళ్లు. సోఫా, చేతుల కుర్చీలు, ఊగే కుర్చీలు, నడుమ బల్ల, అన్నీ ఒకే మాను కర్రతో, ఒకే పువ్వు చెక్కడంతో, ఒక్క తల్లి పిల్లల్లా ఉండాలంటే ఆయన చెయ్యే పడాలి. ఏ వీధిలో చూసినా కరెంటు రంపాలు గీపెట్టే ఆ ఊళ్లో ఎవారిస్తో మాత్రం చేతి రంపం, ఉలి, చిత్రిక తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు.

"మిషనుకి కర్ర ఏడుపు వినపడదు" అనేవాడు.

"నీకు పెళ్లాం ఏడుపు వినపడదు" అనేది ఎర్మెలిందా.

ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఊరంతటికీ సోఫాలు చేసిపెట్టే మనిషి ఇంట్లో ఉన్నవి నీలం ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాని కాలు విరిగితే తీగ చుట్టారు. చుట్టాలొస్తే ఎర్మెలిందా గబుక్కున ఆ కుర్చీలో తనే కూర్చునేది, వచ్చినవాళ్లు కిందపడి పరువు తీస్తారని.

అలాగని ఎవారిస్తో ఇంటికోసం చెయ్యలేదా అంటే, చేశాడు. చాలాసార్లు చేశాడు. ఆయనకున్న యావల్లా పొగడ్త యావ. సామాను పూర్తయి కొట్లో ఉండగా ఎవడో ఒకడు వచ్చి, కుర్చీ చెయ్యి నిమిరి, "ఇది చెక్కారా, పోత పోశారా?" అనేవాడు. అంతే, వెన్నలా కరిగిపోయేవాడు. సాయంత్రానికి సామాను బండెక్కేది.

"ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయే, ఏం చెయ్యమంటావు?" అని నసుగుతూ ఇల్లు చేరేవాడు.

ఒక ఏడు గాలివానకి ఎర్మెలిందా మేనమామ పొలంలో ముదురు మహాగని మాను కూలింది. చేవదేలిన కర్ర, కోస్తే లోపలంతా ఎర్రగా నిగనిగలాడింది. ఆవిడ అడిగి తెప్పించుకుని, పలకలన్నీ ఇంటి ముందుగదిలోనే పేర్పించింది.

"ఈసారి కొట్లో కాదు. ఇక్కడే చెయ్యి."

"ఇక్కడ చేస్తే రంపపు పొట్టంతా తిండిలో పడుతుంది కదే!"

"పడనీ, చిక్కుళ్లతో కలిపి తినేద్దాం. ఇంకో మాట. సోఫా గుమ్మంలోంచి పట్టకూడదు."

"ఏంటీ?"

"చేసినవాడివి నువ్వే అయినా సరే, బయటికి మోసుకుపోలేకుండా ఉండాలి."

ఎవారిస్తో నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చీపురు కర్రతో గుమ్మం వెడల్పు కొలిచి, ఆ కర్ర తెచ్చి పలక మీద పెట్టి, "దీన్ని దాటాలి" అంది. అంత వెడల్పు చేస్తే సోఫా కాదు, మంచమవుతుందని ఆయన మొత్తుకున్నాడు. చివరికి రాజీ కుదిరింది. రెండు కొసలూ మామూలుగా, నడుమ మాత్రం పొట్టలా ముందుకి ఉబికి ఉండేలా.

వానాకాలం వచ్చి వెళ్లింది. మేకు అన్నది లేకుండా, కర్రలో కర్ర దూర్చి బిగిస్తూ ఎవారిస్తో చేస్తూనే ఉన్నాడు. ఎర్మెలిందా పలకల మీంచి గెంతుతూ వంటింట్లోకి పోయేది, వస్తూ పోతూ చీపురుతో సోఫా పొట్ట కొలిచేది. కాఫీలో పొట్టు తేలితే ఇద్దరూ ఊదుకుని తాగేవాళ్లు.

సామాను పూర్తయ్యాక చూడ్డానికి జనం వచ్చారు. వాళ్లలో పక్కూరు హీనొతెపె నుంచి దోన్ పోలికార్పో కూడా వచ్చాడు. బస్సుల యజమాని, భారీ మనిషి. టోపీ తీసి, మోకాళ్ల మీద కూలబడి, సోఫా కిందంతా వెతికాడు. ఎర్మెలిందా పెరట్లో ఉంది.

"దోన్ ఎవారిస్తో, అతుకెక్కడుందయ్యా?"

"ఉంది."

"నాకు కనపడదేం?"

"కనపడకూడదనే కదండీ."

పోలికార్పో లేచి సోఫాలో కూర్చున్నాడు. "జన్మంతా బస్సుల్లో తిరిగాను. కూర్చుంటే ఒళ్లు నొప్పెట్టని సీటు ఇదే మొదలు!"

ఎవారిస్తో చెవులు ఎర్రబడ్డాయి. నోరు జారి, "తీసుకుపోండి" అనేశాడు.

ఎర్మెలిందా సంతకి వెళ్లిన పూట ఆయన తలుపూ ద్వారబంధమూ ఊడబీకాడు. వీధిలోంచి పోలికార్పో లాగాడు, లోపల్నుంచి తను తోశాడు. మొదటి కొస సాఫీగా వెళ్లింది. పొట్ట దగ్గరికొచ్చేసరికి కిర్రుమని ఆగిపోయింది. టేపుతో అన్నీ కొలిచాడు గానీ, పాత మట్టిగోడకి కూడా పొట్ట ఉందన్న సంగతి చూసుకోలేదు. ఇక ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

అప్పుడే ఎర్మెలిందా బుట్టతో వచ్చింది. వీధిలోకి వచ్చిన సగం సోఫా మీద తీరిగ్గా కూర్చుని, బుట్ట ఒళ్లో పెట్టుకుంది.

"ఎర్మెలిందా..." అని లోపల్నుంచి పీలగా వినపడింది.

"ఎవరో పిలుస్తున్నారు. గొంతు మా ఆయనదిలాగే ఉంది. కానీ మా ఆయన ఇలాంటి పని చెయ్యడే!"

పక్కింటి తోమసా పరిగెత్తుకొచ్చింది. "ఏంటి వదినా, ఇల్లు వీధిలోకొచ్చేసింది?"

"చల్లగాలి కోసం. రా, కూర్చో."

పోలికార్పో ఎండలో టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. "మీకు చెప్పే చేస్తున్నానన్నాడమ్మా..."

లోపల దగ్గు వినిపించింది.

"మీరు నిలబడ్డారేం? మీరు మెచ్చిన సోఫాయేగా, కూర్చోండి."

ఆయనా కూర్చున్నాడు. తోమసా ఇంట్లోంచి చల్లటి మొక్కజొన్న పానకం తెచ్చింది. ఎర్మెలిందా బుట్టలోంచి ఆకు పొట్లాలు విప్పింది. పందిమాంసం కలిపిన అన్నం వాసన గుప్పుమంది.

"నాకో పొట్లం ఇవ్వవే" అన్నాడు ఎవారిస్తో లోపలి సగం మీంచి.

"సోఫా అడ్డం. చెయ్యి అందదు."

కడుపు నిండాక పోలికార్పో మెల్లగా అడిగాడు. "అమ్మా, ఏమిస్తే ఇది వదులుతారు?"

"ఇది వదలను. చేసినవాణ్ణి తీసుకుపోండి. మీ ముందుగదిలోనే కూర్చోబెట్టి చేయించుకోండి. బాగా తింటాడు, జాగ్రత్త. పూటకోసారి పొగడాలి, లేకపోతే ఉలి కదలదు."

పోలికార్పో పడీపడీ నవ్వి, సరేనన్నాడు.

ఎవారిస్తో హుషారుగా చిత్రిక తీశాడు, సోఫా పొట్ట పిసరంత తగ్గిద్దామని.

"చెక్క ముట్టావంటే ఊరుకోను! గోడ చెక్కు."

తాతల నాటి ఉలితో, ప్రాణం ఉసూరుమంటుండగా, మట్టిగోడ చెక్కాడు. ఉలి మొద్దుబారింది గానీ సోఫా లోపలికొచ్చింది.

హీనొతెపెలో పోలికార్పో మాట తప్పలేదు. పొద్దున "ఆహా", మధ్యాహ్నం "ఓహో" అంటూనే ఉన్నాడు. పని ముగించుకుని ఎవారిస్తో బొద్దుగా తిరిగొచ్చాడు. అప్పటికే కథ చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. ఆడవాళ్లు కబుర్లు పంపడం మొదలెట్టారు. మా ఇంట్లోనే చెయ్యాలి, గుమ్మం పట్టకూడదు, మా ఆయన్ని అడగక్కర్లేదు అని.

తిరిగొచ్చిన ఆదివారం ఎవారిస్తో సొంతింటికి తను చేసిన ఊగే కుర్చీలో మొదటిసారి కూర్చున్నాడు. వెనక్కి ఒక ఊపు, ముందుకి ఒక ఊపు. "బాగుందే ఇది!" అని ఆశ్చర్యపోయి, నోరు తెరిచి నిద్రపోయాడు. ఎర్మెలిందా కాసేపు చూసి, ఆయన పళ్లెంలోది కూడా తనే తినేసింది.