గుడ్డకు సీటు లేదు

నాకు ఒక ఊరగాయ జాడీ మీద కోపం. మనుషుల మీద కోపాలు చాలానే ఉన్నాయి, వాటిని వరసగా గుర్తుపెట్టుకున్నాను. కానీ మొదటి స్థానం మాత్రం జాడీదే.

పెళ్లయిన కొత్తలో హిందూపురంలో కాపురం పెట్టడానికి ధర్మవరం నుంచి బయలుదేరాం. ఇల్లు సర్దిపెట్టడానికి మా వదిన, అంటే నా భర్త అక్క, మాతో వచ్చింది. ధర్మవరం బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే ఆమె కిటికీలోంచి ఒక సీటు మీదకు కర్చీఫు, పక్క సీటు మీదకు టవాలు విసిరింది. ఆమె గురి గురించి మా అత్తగారింట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. కొత్తకోడలిని కదా, ఆ టవాలు నాకోసమే వేసిందనుకుని, తోసుకుంటూ ఎక్కి ఆ సీట్లో కూర్చున్నాను. వెనకాలే వదిన వచ్చింది. చంకలో పిల్లను ఎత్తుకున్నట్టు ఊరగాయ జాడీని ఎత్తుకుని ఉంది.

లేవమంది. జాడీని నేను ఒళ్లో పెట్టుకుంటానన్నాను. నూనె కారి పట్టుచీర పాడవుతుందని ఒప్పుకోలేదు. కింద పెడదామంటే, కుదుపులకు ఆగదంది.

"జాడీ పగుల్తాది. నువ్వు పగలవు కదా," అంది.

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ముందెక్కింది నేనే కదా అని కండక్టరుకు చెప్పుకున్నాను. టవాలు ఎవరిదైతే సీటు వాళ్లదేనని ఆయన తీర్పు చెప్పి టిక్కెట్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. జాడీ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా చేలు చూసుకుంటూ వచ్చింది. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన నా వెనకే నిలబడి, నా వైపు చూడాల్సి వస్తుందని పెనుకొండ కొండను చూడడం మొదలుపెట్టాడు. కొండ వెనక్కి వెళ్లిపోయాక కూడా అటే చూస్తున్నాడు.

ఆ కడ్డీ పట్టుకుని నిలబడ్డ చోటే నాకొక నియమం పుట్టింది. మనిషి రాకుండా వస్తువు వచ్చి హక్కు అడగకూడదు. నేను కర్చీఫు వేయను. ఎవరైనా వేసినా లెక్కచేయను.

చెప్పుకోవడానికి చిన్న నియమమే. పాటించడం మొదలుపెట్టాక అది బస్సు దిగి ఇంట్లోకి వచ్చింది. హిందూపురంలో నీళ్ల ట్యాంకరు వచ్చే రోజుల్లో వీధంతా తెల్లారకముందే బిందెలు వరసలో పెట్టి లోపలికి పోయి కాఫీలు తాగేవారు. నేను బిందెతోపాటు నిలబడేదాన్ని. పెళ్లిభోజనాల్లో కుర్చీ మీద హ్యాండ్‌బ్యాగు పెట్టి ఆపుకోను కాబట్టి ఎప్పుడూ చివరి పంక్తే. అప్పటికి తీపి ఓళిగలు అయిపోయి మజ్జిగన్నం మిగిలి ఉంటుంది. ఏ పనికైనా మనం వెళ్లేలోపు ఎవరిదో సిఫారసు పంపడం కూడా నా దృష్టిలో కర్చీఫు వేయడమే. మా ఆయనను గుడిబండకు బదిలీ చేసినప్పుడు, తెలిసినవాళ్లతో ఒక్క ఫోను చేయిస్తే ఆగిపోతుందని ఇంట్లో అందరూ అన్నారు. నేను ఆ కర్చీఫు పడనివ్వలేదు. గుడిబండకు స్కూటరు మీద తిరిగి తిరిగి ఆయనకు నడుము పట్టేసింది. ఆ రోజు జాడీ విషయంలో ఆయన నోరు విప్పి ఉంటే ఈ నియమమే పుట్టేది కాదని, నడుముకు నూనె రాస్తున్నప్పుడల్లా గుర్తుచేసేదాన్ని.

ఇది నీతి కాదు, పగ అంటాడు ఆయన. ఉండొచ్చు. రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదని ఎక్కడుంది?

సరే, అసలు సంగతికి వస్తాను. పోయిన వేసవిలో వదినకు పుట్టపర్తి ఆసుపత్రిలో మోకాలి ఆపరేషను జరిగింది. కర్ర పట్టుకుని నడిచే స్థితికి వచ్చాక, తమ్ముడి ఇంట్లో కొన్నాళ్లు ఉండి పొమ్మని పిలిచాం. నడవొచ్చు, కూర్చోవచ్చు, ఎక్కువసేపు నిలబడితే మాత్రం మళ్లీ ఆసుపత్రికి రావాల్సి ఉంటుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. కాసేపు నిలబడితే చాలు, ఆమె మోకాలు టెంకాయంత అవుతోంది. కారు పంపుతానని మా ఆయన అన్నాడు. కారు తలుపు వేస్తే ఆమెకు వాంతి వస్తుంది. రైలంటే ప్లాట్‌ఫారం మెట్లు. ఇక మిగిలింది బస్సు. ఆయనకు సెలవు దొరకలేదు కాబట్టి తీసుకురావడానికి నేను ధర్మవరం వెళ్లాను.

ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బులు లేకుండా చేశాక బస్సుల్లో జనం ఎలా ఉన్నారో అందరికీ తెలిసిందే. కర్చీఫులతోపాటు చున్నీలు, నీళ్ల సీసాలు, పిల్లల టోపీలు కూడా కూర్చుని ప్రయాణం చేస్తున్నాయి. వదిన బస్టాండు బెంచీ మీద కూర్చుని నడుముకు దోపుకున్న కర్చీఫు తీసి నా చేతిలో పెట్టింది. నేను తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను.

"ఏమ్మే, నీ చేతికి ముల్లు గుచ్చుకుంటాదా?"

నేను అలాంటివి వేయనని, అది ఎందుకో ఆమెకు తెలిసే ఉండాలని అన్నాను. తెలియనట్టు ముఖం పెట్టింది. లోపల ఎవరినైనా అడిగి సీటు ఇప్పిస్తానన్నాను. అడుక్కుని కూర్చునే ఖర్మ తనకు లేదంది. ఆమెకూ ఒక నియమం ఉంది మరి. ఒకరిని అడిగి కూర్చోదు, లేపి కూర్చోదు, వేసి కూర్చుంటుంది. నన్ను లేపడం ఆ లెక్కలోకి రాలేదు, ఇంటి మనిషిని కాబట్టి.

మొదటి బస్సు వచ్చింది. దిగేవాళ్లంతా దిగేదాకా ఆగి ఎక్కాను. అప్పటికే లోపల గుడ్డలన్నీ సుఖంగా కూర్చుని ఉన్నాయి. ఒక నీలం కర్చీఫును తీసి పక్కన పెట్టి కూర్చుని, కిటికీలోంచి వదినను పిలుస్తున్నాను. అంతలో ఆ కర్చీఫు మనిషి వచ్చింది. చంకలో పసిబిడ్డ. నా ఎదురుగా నిలబడింది. నేను లేచాను. నీ కర్చీఫుకు లేవలేదు, నీ బిడ్డకు లేచాను అని ఆమెకు వివరంగా చెప్పాను. బిడ్డ ఏడుస్తోంది, ఆమె విన్నట్టు లేదు. నేను దిగేశాను. బస్సు వెళ్లిపోయింది.

"నీ నీతికి సీటు దొరికినట్టుండాది, నాకే దొరకలే," అంది వదిన.

మా ఆయనకు ఫోను చేశాను. ఒక్క కర్చీఫు వేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా అన్నాడు. పెట్టేశాను.

వదిన కర్ర మీద గడ్డం ఆనించి, కుట్లు పడ్డ కాలు ముందుకు చాపుకుని కూర్చుని ఉంది. పరుగెత్తగలిగితే నన్ను అడిగే మనిషి కాదు. ఆ కాలు చూస్తుంటే ఒక సంగతి తెలిసింది. నియమం నాది, మోకాలు ఆమెది. నా నియమానికయ్యే బాధ ఆమె పడడం న్యాయం కాదు. అలాగని జాడీ పక్షంలో చేరడమూ నావల్ల కాదు. నా పట్టుదలకు కాళ్లు నొయ్యాలంటే నా కాళ్లే నొయ్యాలి.

ఆమెను అక్కడే ఉండమని, ఎండలో వెనక్కి నడుచుకుంటూ వెళ్లాను. అనంతపురం నుంచి వచ్చే బస్సు బస్టాండులోకి తిరిగే ముందు ఒక మలుపు దగ్గర ఆగినట్టే ఆగి కదులుతుంది. కర్రతో ఎక్కడం కుదరదు, నేను ఎక్కగలను. ఎక్కాను. బస్టాండు ఎదురుగా పెట్టుకుని ఇక్కడెందుకు ఎక్కావని కండక్టరు అడిగాడు. హిందూపురం వెళ్లాలన్నాను. ఆధారు చూసి సున్నా టిక్కెట్టు ఇచ్చాడు. కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉంది, గుడ్డ లేదు, చున్నీ లేదు. పక్కన పెనుకొండకు వెళ్లే ఒక ముసలామె. కూర్చుంటే మహారాణిలా అనిపించింది.

బస్సు బస్టాండులోకి తిరిగింది. జనం పక్కనే పరుగెత్తుకొస్తున్నారు. అంతలో కిటికీలోంచి ఒక ఆకుపచ్చ టవాలు వచ్చి సరిగ్గా నా ముఖం మీద పడింది. బీడీల వాసన. కాసేపటికి దాని సొంతదారు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు, నడివయసు మనిషి.

"అక్కా, అది నా సీటు. టవాలు వేసినా."

"సీటు మీద వేయలేదప్పా, నా మొగం మీద వేసినావు. ఇంద."

ముఖమైనా సీట్లోనే ఉంది కదా అని వాదించాడు. నేను అందరికీ వినపడేలా చెప్పాను, గుడ్డకు సీటు లేదప్పా, మనిషికే అని. ఆయన కండక్టరును పిలిచాడు. కూర్చున్నవాళ్లదే సీటు, పక్కకు జరగమన్నాడు కండక్టరు. ఇన్నేళ్లకు ఒక కండక్టరు జాడీ పక్షం కాకుండా నా పక్షం మాట్లాడాడు. కళ్లు చెమర్చాయంటే నమ్మండి.

ఆ సంతోషం వదిన వచ్చేదాకానే. కర్ర తాటించుకుంటూ వచ్చింది. నేను లేచి ఆమెను కూర్చోబెట్టాను. టవాలాయన అటూ ఇటూ చూశాడు.

"అట్లనా. అంటే నువ్వు కూడా ఈయమ్మ వేసిన కర్చీఫువేనా అక్కా?"

బస్సంతా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది వదిన, మోకాలు పట్టుకుని మరీ.

"కర్చీఫుకు కాళ్లు నొయ్యవప్పా," అన్నాను. "నేను హిందూపురం దాకా నిలబడతా. అదే తేడా."

ఆయన అది నిజమేనని ఒప్పుకుని, టవాలు తలకు చుట్టుకున్నాడు.

జనం ఎక్కేకొద్దీ నన్ను వెనక్కి నెట్టారు. టవాలాయన మాత్రం వదిన సీటు పక్కనే పాతుకుపోయాడు. పెనుకొండలో ముసలామె దిగింది. ఆమె ఇంకా పూర్తిగా లేవకముందే వదిన కర్చీఫు పక్క సీటులో పడింది. మోకాలు పోయినా గురి పోలేదు. జనం తలల మీదుగా నన్ను పిలిచింది.

"ఏమ్మే, రా, కూర్చో. ఈసారి జాడీ లేదులే."

ఆ జాడీ సంగతి నాకొక్కదానికే గుర్తుందనుకున్నాను. ఆమె మర్చిపోయిందని ఇన్నేళ్లూ దానికి కూడా వేరేగా కోపం పెట్టుకున్నాను. మర్చిపోలేదు. పైగా నాకోసం కర్చీఫు వేసింది. నా కాళ్లు అప్పటికే బరువెక్కి ఉన్నాయి, ఆ మాటకు మనసు కూడా బరువెక్కింది. జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వెళ్లాను.

టవాలాయన ఆ కర్చీఫును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏమక్కా, గుడ్డకు సీటు లేదంటివి కదా. పెనుకొండ దాటితే ఉంటాదా?"

ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. కండక్టరు టిక్కెట్లు ఆపి చూస్తున్నాడు. వదిన నా ముఖంలోకి చూస్తోంది. ఇన్నేళ్లలో ఆమె నాకు చేసిన మొదటి ఉపకారం ఆయన రెండు వేళ్ల మధ్య వేలాడుతోంది. ఆ సీటు పక్కన మొదటినుంచీ నిలబడిన మనిషి ఆయనే. నేను వెనకెక్కడో ఉన్నాను.

"లేదు," అన్నాను. "కూర్చోప్పా."

ఆయన కూర్చున్నాడు. వదిన ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. "దీన్ని కట్టుకున్న మా తమ్ముడు దేవుడు," అని కిటికీతో చెప్పింది.

నేను కడ్డీ పట్టుకుని వాళ్లిద్దరి పక్కనే నిలబడ్డాను. చేయాల్సిందే చేశాను, అనుమానం లేదు. అయినా ఆ ప్రయాణంలో జాడీ రోజు కంటే ఎక్కువగా కాళ్లు నొచ్చాయి. అప్పుడు ఒకరు నన్ను లేపారు, ఇప్పుడు నన్ను నేనే నిలబెట్టుకున్నాను. ఇక ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియక చాలా ఇబ్బంది పడ్డాను.

సోమందేపల్లిలో టవాలాయన లేచాడు. కర్చీఫు మడిచి నా చేతికిచ్చి, సీటు వైపు చూపించాడు.

"కూర్చో అక్కా. గుడ్డ లేదు, మనిషీ లేదు."

కూర్చున్నాను. వదిన కిటికీ వైపు నుంచి ముఖం తిప్పలేదు. కానీ కుట్లు పడ్డ కాలు కొంచెం అటు జరిపి, నా కాళ్లు చాపుకోవడానికి చోటిచ్చింది.

ఇంటికి చేరగానే వదిన తమ్ముడికి చెప్పిన మొదటి మాట ఇది. "నీ పెండ్లాన్ని కర్చీఫు మాదిరి వేసినాన్రా. పోయి సరిగ్గా కిటికీ పక్కన పడింది." మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాను. తర్వాత చూడడానికి వచ్చిన చుట్టాలందరికీ ఆమె ఇదే కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నేను ఇంకాస్త చిన్న కర్చీఫునయ్యాను.

కొన్నాళ్లకు తిరుగు ప్రయాణం వచ్చింది. ఈసారి కిటికీలు తెరిచే కారు మాట్లాడతానని, మెల్లగా పోనిస్తారని మా ఆయన అన్నాడు. "కారొద్దు. ఆమె వస్తాదిలే," అంది వదిన. నన్ను అడగలేదు, నా ఎదురుగానే తమ్ముడికి చెప్పింది. వెళ్లాను. హిందూపురంలోనే బయలుదేరే బస్సు కాబట్టి తొందరగా వెళ్లి ఇద్దరం ముందే ఎక్కి కూర్చున్నాం. ఆమె ధర్మవరం తీసుకుపోతానన్న కొత్త ఆవకాయ ఆ పాత జాడీలోనే ఉంది. జాడీ నా ఒళ్లో ఉంది.

పెనుకొండ దగ్గర జనం ఎక్కారు. కుదుపులకు మూత అంచున నూనె మెరవడం వదిన చూసింది.

"చీర పాడైతాది. కింద పెట్టు," అంది.

పగులుతుందేమోనన్నాను.

"పగిలితే పగల్నీలే."

జాడీని కాళ్ల దగ్గర కింద పెట్టాను. ధర్మవరం దాకా అది అక్కడే ఉంది. ఆ రోజు నన్ను లేపినందుకు క్షమించమని అడిగిందా అంటే, లేదు. అదీ గుర్తుంది.