రెండు తలుపుల గది

2022 ఎండాకాలం. చింతామణిలోని నా వడ్రంగి షెడ్డుకు జంగమకోటె దగ్గరి ఒక పల్లె నుంచి మంజునాథ అనే అబ్బాయి వచ్చాడు. పెళ్ళి కుదిరింది, పడగ్గది లేదు.

"ఉండేది ఒగ ఆకు రూమన్నా. ఏడడుగులు, తొమ్మిదడుగులు. దాంట్లోనే మంచం, బీరువా, అద్దం అన్నీ పట్టల్ల."

"పట్టకపోతే?"

"పడితే నీ దగ్గరికి ఎందుకొస్తానన్నా?"

చిన్న గదుల మేస్త్రీగా నాకు కాస్త పేరుంది. పెద్ద గదుల పనులన్నీ చిక్కబళ్ళాపురం ఏసీ షోరూముల వాళ్ళు తన్నుకుపోతే మిగిలిన పేరు అది. వాళ్ళను చూస్తే నాకు కడుపుమంట అని మా ఆవిడ అంటుంది. కాదు, మంట షెడ్డు రేకులది. కడుపులో ఉండేది ఆ ఏసీ మీద ఆశ మాత్రమే.

మంజునాథ వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఇలాంటి ఇళ్ళలో గాలీ వెలుతురూ ఉన్న మంచి గది ఎప్పుడూ పురుగులదే. మనుషులు మిగిలిన చోట సర్దుకుంటారు. కోసుకొచ్చిన మల్బరీ ఆకు వాడిపోకుండా తడిగోనె కప్పి దాచే చీకటి గది ఆకు గది. దాన్నే ఇప్పుడు కొత్త జంటకు పడగ్గది చేయాలి. ఇంటిపెద్ద మంజునాథ తల్లి మునెమ్మ, హాల్లో నులకమంచం మీద పడుకుంటుంది. పెద్దకొడుకు వెంకటేశ, అతని భార్య సావిత్రి పురుగుల గదిని ఆనుకుని ఉన్న పెద్ద గదిలో ఉంటారు.

నేను టేపు తీసేసరికి ఆకు గది గుమ్మంలో సావిత్రి నిలబడి ఉంది, కొంగు నడుముకు బిగించి.

"ఏమప్పా మేస్త్రీ, మా మరిదికి మైసూరు ప్యాలెస్ కడతాండావంట?"

"ప్యాలెస్‌కు ఏడడుగులు చాలదమ్మా."

"చాలదంటానే అన్నీ పెడతాండావే! మంచం కింద డ్రాయర్లంట, తలాపున అరలంట. నా పెండ్లికి ఈ ఇంట్లో నాకిచ్చింది ఒగ చాప, గోడకు ఒగ మేకు. ఆ మేకుకే ఈ పొద్దు దాంకా ఇంటోళ్ళ గుడ్డలన్నీ ఏలాడతాండాయి."

హాల్లోంచి మునెమ్మ అందుకుంది. "నీకేం తక్కువమ్మే? ఇంట్లో పెద్ద రూము నీదే గదా. పాపం, వానిది పిట్టగూడు."

"అవునత్తా, పెద్దదే. బస్టాండు గూడా పెద్దదే."

నేను నవ్వాను. ఆ మాటలో ఏముందో అప్పుడు తట్టలేదు. తోడికోడలు ఇంకా అడుగు పెట్టకముందే అసూయ అడుగు పెట్టిందనుకున్నాను. నా పని కొలతలు తీసుకోవడం, కలతలు కాదు కదా!

గది సంగతి చెబుతాను. మంచాన్ని పొడవు గోడకు వేస్తే నడిచే చోటు సన్నటి సందు అవుతుంది. అందుకని ఏడడుగుల గోడకే అడ్డంగా వేశాను. డ్రాయర్ బయటికి లాగాలంటే ముందు ఖాళీ ఉండాలి. అంత ఖాళీ లేని వైపు హైడ్రాలిక్ పెట్టాను. అంటే, పరుపు కింది పలకను గ్యాస్ నింపిన కడ్డీ ఎత్తి పట్టుకుంటుంది, కింద పెట్టెలా తెరుచుకుంటుంది. తలుపు లోపలికి తెరుచుకుంటే గదిలో నాలుగో వంతు దానికే పోతుంది కాబట్టి బయటికి తెరుచుకునేలా తిప్పాను. తలుపు లోపలి వైపు నిలువుటద్దం. బీరువా నేలను తాకకుండా గోడకు వేలాడుతుంది. నేల కనిపించినంత మేరా గది పెద్దదనే మన కన్ను నమ్ముతుంది. కన్ను అమాయకురాలు.

ఇవన్నీ షెడ్డులోనే చేసి, పాలిష్ వాసన పోయేదాకా ఆరబెట్టి, విడి ముక్కలుగా తీసుకెళ్ళి బిగించాను. దీన్ని నాక్‌డౌన్ అంటారు. ఆ ఇంట్లో వేరే దారి లేదు. పురుగులు నాలుగో జ్వరం దాటి, అంటే నాలుగోసారి కుబుసం విడిచి, రేయింబవళ్ళు ఆకు తినే దశలో ఉన్నాయి. థిన్నర్ వాసన తగిలితే పంటంతా పోతుంది. నేను కూడా చెప్పులు బయట విడిచి, సున్నప్పొడి తొక్కితేనే లోపలికి రానిచ్చేవారు. నా పెళ్ళిలో కూడా ఇంత శుచిగా పీటలెక్కలేదు.

వెళ్ళినప్పుడల్లా సావిత్రి వచ్చి డ్రాయర్ లాగి చూసేది, మూసేది, మూతి ముడిచేది. ఒకరోజు అడగనే అడిగింది.

"ఈడ మంచం పడితే ఆకు యాడ పెడతారంట?"

నాకు తెలియదన్నాను.

"నాకు తెల్సు. నా రూములో, నా తల పక్కన. నిన్ననే సెప్పేసినారు. వాళ్ళకు డ్రాయర్లు, నాకు ఆకు. నేనేమన్నా పురుగునా?"

ఆమెను సముదాయిద్దామని, మిగిలే ప్లైవుడ్‌తో అద్దం పెట్టుకునే చిన్న అర చేసిస్తానన్నాను.

"మిగిలిన ముక్కల్తోనా? బాగుంది. ఈ ఇంట్లో నాకెప్పుడూ మిగిలిందే," అని విసురుగా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి గొంతు తగ్గించింది. "ఈ తలుపుకు లోపల గొళ్ళెం పెడతావా?"

"పెడతానమ్మా. టవర్ బోల్ట్, స్టీల్‌ది."

గొళ్ళెం వచ్చే చోటును వేలితో తడిమి వెళ్ళిపోయింది.

ఆ బోల్ట్ బిగించిన రోజు మధ్యాహ్నం భోజనం చేసి చేతులు కడుక్కుంటున్నాను. ఆకు గది తలుపు మూసుకున్న చప్పుడు, ఆ వెంటే బోల్ట్ జారిన చప్పుడు వినిపించాయి. మంజునాథ ఊళ్ళో లేడు. పురుగులకు ఆకు వేసే వేళ అది.

మునెమ్మ తలుపు తట్టింది. "సావిత్రీ! ఏం చేస్తాండావు లోపల?"

"ఏం లేదత్తా. ఉండాను."

"ఉండావు సరే. ఆకెయ్యల్ల గదమ్మే!"

"మీరేయండి. ఈడ బాగుండాది."

మునెమ్మ ఇంకో రెండుసార్లు తట్టి, నా వైపు తిరిగింది. "ఆ కొత్త మంచం మీద ముందు నా చిన్నకోడలు పండుకోవల్ల! కీళ్ళు ఊడదియ్యి మేస్త్రీ."

బయటికి తెరుచుకునే తలుపుకు కీళ్ళు బయటే ఉంటాయి. స్క్రూడ్రైవర్ నా చొక్కా జేబులోనే ఉంది. "సామాను బండిలో ఉందమ్మా," అని బయటికి నడిచాను. పదడుగుల దూరంలో ఉన్న బండి దాకా అంత నిదానంగా నేనెప్పుడూ నడవలేదు.

తిరిగి వచ్చేసరికి మునెమ్మ సగం చల్లబడి, ఆకు పనిలో పడింది. "అదే వస్తాదిలే" అని నన్ను సావిత్రి గదిలో కుర్చీలో కూర్చోబెట్టింది. అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. వెంకటేశ ఆకుల బుట్టతో నా ముందు నుంచి వెళ్ళాడు. కూలికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళారు. మునెమ్మ వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నేను కాళ్ళు ముడుచుకుంటూనే ఉన్నాను. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి హాల్లోకి, ఒకటి పురుగుల గదిలోకి. పురుగుల గదికి అదొక్కటే దారి.

"ఈ తలుపు ఇక్కడెందుకు పెట్టారమ్మా?" అని మునెమ్మను అడిగాను.

"ఊజి ఈగ లోపలికి రాకుండా నాయనా. ఆ ఈగ పురుగు మీద గుడ్డు పెడితే అయిపాయ, పంట లేదు. అందుకే ముందు ఈ తలుపు మూసి, ఆమైన ఆ తలుపు తీయల్ల. నడాన ఒగ రూముండల్ల."

నడాన, అంటే రెండు తలుపుల మధ్య ఉన్న ఆ రూములో సావిత్రి కాపురం చేస్తోంది. ఆఖరి మేతకూ తెల్లవారి మేతకూ అందరూ ఆమె మంచం పక్కనుంచే పోవాలి. ఇక గొళ్ళెం ఎలా పెట్టుకుంటుంది? బస్టాండు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆమె అసూయ డ్రాయర్ల మీద కాదు, అద్దం మీద కాదు. జానెడు స్టీల్ బోల్ట్ మీద.

కాసేపటికి బోల్ట్ మళ్ళీ చప్పుడైంది. సావిత్రి బయటికి వచ్చింది. చెంప మీద ముడుచుకున్న చెయ్యి గుర్తులు. నిద్రపోయి లేచిన మొహం అంత కళగా ఉండటం నేను పసిపిల్లల్లోనే చూశాను.

"గొళ్ళెం బాగా పెట్టినావు మేస్త్రీ," అంది.

మునెమ్మ నోరు తెరిచేలోపు నేనే తెరిచాను. పక్క వసారాలోంచి పురుగుల గదికి కొత్త దారి తీద్దామన్నాను. ముందు మెష్ పెట్టె ఒకటి కడతాను. సన్నటి జాలీ గోడలు, రెండు జాలీ తలుపులు, మధ్యలో మనిషి, బుట్ట పట్టేంత చోటు. ఒకటి మూస్తేనే ఇంకోటి తెరవాలి. ఆకు కూడా వసారాలోనే, తడిగోనె కింద. ఈ గదిలోని దారి మూసేద్దాం.

మునెమ్మ ఒప్పుకోలేదు. "ఈ తలుపు నా మొగుడు పెట్టించింది. ఇన్నేండ్లు పంట తప్పలేదు. ఇప్పుడేమి వచ్చిండాది?"

అంతవరకూ నోరు విప్పని వెంకటేశ బుట్ట కింద పెట్టాడు. "నేనూ ఆ రూములోనే గదమ్మా పండుకునేది," అన్నాడు.

లోపల పురుగులు ఆకు తినే చప్పుడు వాన పడుతున్నట్టు వినిపించింది. "పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోయినంక గోడ ముట్టుకో," అని మునెమ్మ లేచిపోయింది.

అలాగే చేశాను. దారి మూసిన చోట పాత మట్టిగోడ మందం అడుగున్నర వచ్చింది. ఆ మందంలోనే సావిత్రికి అరలు, అద్దం. మిగిలిన ముక్కలతో కాదు, కొత్త పలకతో. హాలు వైపు తలుపుకు లోపల టవర్ బోల్ట్. ఆమె దాన్ని నాలుగైదుసార్లు వేసి తీసి, "దీన్దే స్వల్ప పెద్దదుండాది," అంది. ఆకు గది బోల్ట్ కంటే ఒక అంగుళం పెద్దది తెచ్చాను. చూస్తుందని నాకు తెలుసు.

పెళ్ళయ్యాక పలక ఒకటి బిగుసుకుందంటే సరిచేయడానికి వెళ్ళాను. కొత్తకోడలు రేఖ సావిత్రి గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కా, మీ రూము ఎంత పెద్దదుండాదో! మాదాంట్లో ఒగరు తిరగల్లంటే ఇంగొగరు మంచమెక్కల్ల."

సావిత్రి మొహం చూడాలి అప్పుడు. ఆ ఇంట్లో ఆమెను చూసి ఎవరైనా కుళ్ళుకోవడం అదే మొదలు. "నీకు డ్రాయర్లుండాయి గదమ్మా," అంది, ఆస్తి రాసిచ్చినంత దయగా.

అప్పటినుంచి ఏ గదికి వెళ్ళినా ముందు టేపు తీయను. ఎన్ని తలుపులున్నాయి, వాటిలోంచి ఎవరెవరు పోతారు అని అడుగుతాను. గది పెద్దదా చిన్నదా అని చెప్పేది గోడలు కాదు. మా ఇంట్లో నేను పడుకునే గదిలోంచే అందరూ మేడ మెట్లెక్కుతారు. సావిత్రి గది తలుచుకుని నేనూ కుళ్ళుకుంటూనే ఉంటాను.

మొన్న మెష్ తలుపు జాలీ మార్చాలని ఫోను వచ్చింది. మునెమ్మ.

"సావిత్రమ్మ లేదా అమ్మా?"

"ఉండాది మహారాణి. తలుపేసుకుని పండుకోనుండాది."

"రేఖమ్మ?"

"అదీ ఏసుకునింది."

జాలీ కొలత రాసుకుని ఫోను పెట్టేయబోయాను.

"మేస్త్రీ, హాల్లో మూలకు నా మంచముంటాది సూడు. దాని సుట్టూ ఏమన్నా కట్టేకి అయితాదా?"

"అవుతుందమ్మా. ఎంత పెద్దది కావాలి?"

"ఎంత సిన్నదైనా సరే," అంది. "తలుపుండల్ల."